చివరి మాట మళ్లీ చెప్పే ఆప్

ఇట్ల రండి పిల్లలూ, దగ్గరికి జరిగి కూర్చోండి. సంచులు పక్కన పెట్టండి. నిన్న మన బడి ముందర అన్ని బిందెలు ఎందుకు చేరినాయో మీ అమ్మలు తలా ఒక రకంగా చెప్పింటారు. అసలు సంగతి నా నోటితో వినండి. నాకే ఇంకా సగం అయోమయంగా ఉంది.

మనూరికి నీళ్ల ట్యాంకర్ రెండు దినాలకొకసారి వస్తుంది. ఏ వేళకొస్తుందో ఎవరికీ తెలీదు. కింది వీధిలో బిందెలు వరుసగా పెట్టి మీ అమ్మలు ఎండలో కాచుకోనుంటారు. ఆ బాధ తప్పిద్దామని ఒక ఆప్ తయారుచేసినాను. రియల్ టైం సర్వీసని ఇంటర్నెట్‌లో ఒకటి దొరుకుతుంది. అందులో మనకొక చానెల్ పెట్టుకుంటే, ట్యాంకర్ వచ్చిందని నేను పంపిన మాట ఆ చానెల్‌లో చేరిన ఫోన్లన్నిటికీ ఆ క్షణమే పోతుంది. వారం రోజులు లాప్‌టాప్ ముందర కూర్చొని రాసి, కింది వీధిలో ఇంటింటికీ పోయి ఫోన్లలో వేసొచ్చినాను.

రాసేటప్పుడు ఒక సెట్టింగ్ కనిపించింది. ఆలస్యంగా చేరిన ఫోనుకు చివరి మెసేజ్ మళ్లీ ఇవ్వాలా అని అడుగుతాంది. ఆలస్యంగా వచ్చిన పిల్లలకు పాఠంలో చివరి మాట మళ్లీ చెప్పడం నాకెప్పటినుంచో అలవాటే కదా. ఎంత బుద్ధిగల సర్వీసో అనుకొని టిక్కు పెట్టినాను.

నిన్న పొద్దున, పనిచేస్తుందో లేదో చూద్దామని, "ట్యాంకర్ బడి దగ్గరికి వచ్చింది" అని ఒకే ఒకసారి పంపినాను. ఆ వేళకు ఊర్లో ఎవరూ డేటా ఆన్ చేసుండరని ధైర్యం. నా రెండో ఫోన్ టింగుమంది. మురిసిపోయి ఎక్కాలు చెప్పను పోయినాను.

తొమ్మిదో ఎక్కం నడుమ మాబున్ని వచ్చింది. కింది వీధి వరుసలో ఎప్పుడూ మొదటి బిందె ఆమెదే.

"సారూ, ట్యాంకర్ యాడుండాది?"

"ఈడికి రాలేదు మాబున్నమ్మా. పొద్దున ఊరికే పంపి చూసినా."

"పొద్దున ఏంది సార్, ఇప్పుడే కద మోగింది" అని ఫోన్ చూపించింది.

ఆమెకు సర్దిచెప్పేలోగా ఇంకో ముగ్గురు. వాళ్లకూ ఇప్పుడే మోగిందట. ఒకసారి పంపిన మాట ఇన్నిసార్లు ఎట్ల పోతుంది? నా ఫోన్లో ఆప్ మూసి మళ్లీ తెరిచినాను. ట్యాంకర్ బడి దగ్గరికి వచ్చిందని నాకే మళ్లీ మెసేజ్ వచ్చింది. నిజం చెప్తాండా, గేటు దాకా పోయి తొంగి చూసినాను.

అందరూ డేటా ఆపిపెట్టుకొని అక్కరైనప్పుడు ఆన్ చేస్తారు. ఆన్ చేసిన ప్రతి ఫోనూ నా ఆప్‌కు ఆలస్యంగా వచ్చిన పిల్లే. అది నా తలకెక్కేసరికి కింది వీధి వరుసంతా బడి ముందరుంది.

అప్పుడే కింది వీధిలో హారన్ మోగింది. పరిగెత్తి పోతే దుమ్ము తప్ప ఏమీ లేదు. డ్రైవర్ ఓబులేసుకు ఫోన్ చేసినాను.

"వరుసలో బిందె ఒక్కటీ లేదు సార్. నీళ్లు అక్కరలేదేమో అనుకొని పోతాండా" అన్నాడు.

ఇప్పుడు పోతే మళ్లీ ఎల్లుండే. వీధిలో ఒక్క ఇంట్లో కూడా వంటకు నీళ్లు లేవు. ఆడోల్లంతా నా మొహమే చూస్తాండారు. ఓబులేసును శానా బతిమాలినాను. సరే తిరిగొస్తా, నేనొచ్చేలోగా వరుస కనపడాలన్నాడు. ఇంకేముంది, చేతికి రెండు చొప్పున బిందెలు పట్టుకొని బడికీ వీధికీ నేనూ తిరిగినాను. ఓబులేసు వచ్చినాడు. అందరికీ నీళ్లు దొరికినాయి.

అందరి బిందెలూ మోసి నా బిందె పెట్టడం మరిచినాను. ఇంటికి పోయి తెచ్చేసరికి ట్యాంకర్ ఖాళీ.

మాబున్ని నా ఖాళీ బిందె వైపు చూసి, "ఆలస్యంగా వచ్చినోల్లకు మల్లా చెప్పేది మీ అలవాటు సార్. మల్లా నీళ్లు పోసేది ట్యాంకర్‌కు అలవాటు లేదు" అనింది. అంటానే తన బిందెలో సగం నాకు వంచింది.

ఆప్‌లో ఆ టిక్కు తీసేసినాను పిల్లలూ. అదిగో, కథంతా అయినాక వస్తాంది మన లక్ష్మి. చివర ఏం చెప్పినారు సార్ అని అడుగుతుంది చూడండి.

రా తల్లీ, చెప్తా. చివరి మాట ఇదే. పొద్దుపోయింది, అందరూ ఇండ్లకు పోయి అన్నం తినండి.