మైకు మావయ్య ప్రార్థన

చర్చిలో పిల్లలంతా ఆయన్ని మైకు మావయ్య అంటారు. అసలు పేరు పాస్టరుగారికైనా గుర్తుందో లేదో! పాతికేళ్ళుగా వెనక వరసలో సౌండ్ మిక్సర్ ముందు కూర్చుని మైకులు చూసుకోవడమే ఆయన పని. ఒక్క ఆదివారం నాగా లేదు. అలాంటి మనిషి దేవుడికి దూరమయ్యాడంటే ఎవరు నమ్ముతారండీ?

దూరమయ్యాడు మరి. ప్రార్థనలో అందరూ తల వంచితే, మైకు ఎక్కడ కుయ్యిమంటుందోనని ఈయన మీటల మీద చెయ్యేసి కాచుకునేవాడు. ప్రసంగం వినేవాడు, కానీ గొంతు ఎక్కువైందా తగ్గిందా అని మాత్రమే. ఇంట్లో భార్య ఉన్నన్నాళ్ళూ, భోజనాలయ్యాక చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది. ఇద్దరూ ప్రార్థన చేసుకునేవారు. ఆవిడ పోయాక కొన్నాళ్ళు ఒక్కడే చేశాడు. ఎదురుగా ఖాళీ కుర్చీ చూసి మధ్యలోనే లేచిపోయేవాడు. రేపు చేద్దాంలే అనుకున్నాడు. ఆ రేపటికి ఏడేళ్ళు నిండాయి. అడిగే దిక్కెవరు? ఆదివారం చర్చిలో కనబడుతూనే ఉన్నాడాయె!

మొన్న వాళ్ళక్కకి గుండె ఆపరేషన్. ఆయనకి మిగిలిన రక్తసంబంధం ఆవిడొక్కతే. లోపలికి తీసుకెళ్ళే ముందు తమ్ముడి చెయ్యి పట్టుకుని, "భయంగా ఉందిరా. ప్రార్థన చెయ్యి," అంది.

ఆయన గొంతు సవరించుకుని అందుకున్నాడు. అబ్బో, ఎంత ధారాళంగా వచ్చేసిందో! "పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ ఉదయకాలమున నీ సన్నిధిలో కూడిన ఈ గొప్ప సమూహమును..."

అక్క కళ్ళు తెరిచింది. గదిలో ఉన్నది ఇద్దరే.

"సమూహమేదిరా పిచ్చోడా?" అని నవ్వబోయి ఆగిపోయింది. "అది పాస్టరుగారిది. నీది చెయ్యరా."

నోరు తెరిచాడు. మాట రాలేదు.

"ఎన్నాళ్ళయిందిరా?" అంది అక్క మెల్లిగా.

"నీ మరదలు పోయినప్పట్నించీ."

"నాకు ఒక్క మాటైనా చెప్పలేదేం?"

"నాకే తెలీలేదక్కా. ఇప్పుడే తెలిసింది."

ఇంతలో నర్సు వచ్చి మంచం తోసుకుపోయింది. అక్క నోరు తెరిచి అడిగింది ఒక్కటే, అదీ ఇవ్వలేకపోయాడు. వరండాలో బెంచీ మీద కూలబడి, సిగ్గు కూడా మర్చిపోయి ఏడ్చాడు. ఇంత పెద్ద లోకంలో తనకెవరూ లేనట్టనిపించింది.

కళ్ళు తుడుచుకుని పైకే అన్నాడు.

"ప్రభువా, నేనే. అక్కకి భయంగా ఉందట, తోడుండు. నీతో ఎలా మాట్లాడాలో మర్చిపోయాను. పొమ్మనకు."

బెంచీ మీద పక్కన కూర్చున్నావిడ ఉలిక్కిపడి, "నాతోనా అండీ?" అంది.

"కాదమ్మా," అని మళ్ళీ మొదలుపెట్టాడు.