మూసి ఉంటే ఏం చేయాలి

మా అపార్ట్‌మెంట్ కింది వాటాలో ఉండే మ్యాపుల మేడమ్ దసరా సెలవులకు పది రోజుల ముందు కన్నుమూశారు. పొద్దున్నే వాచ్‌మన్ పైకి వచ్చి తలుపు కొట్టాడు. "సార్, మేడం పాలు తీస్కోలే. ఎంత కొట్టినా పలుకుతలేదు. మీ దగ్గర ఇంకో చావి ఉన్నది గదా, జర రాండ్రి" అన్నాడు. వెళ్ళి తాళం తీశాను. మంచం మీద పక్కకి ఒత్తిగిలి పడుకుని ఉన్నారు. బల్ల మీద ఆమె కళ్ళజోడు, దాని కింద మాకోసం ఆమె రాసిన హంపి ప్రయాణం కాగితం. నిద్రలోనే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. అంత సుఖమైన చావు ఎందరికి దొరుకుతుందని వచ్చినవాళ్ళంతా అన్నారు. నిజమే. నాకు మాత్రం ఆ కాగితం చేతిలోకి తీసుకోవడానికి రెండు రోజులు పట్టింది.

ఆమెది అనంతపురం వైపు. ఉద్యోగమంతా ఇక్కడే, యూనివర్సిటీ జాగ్రఫీ డిపార్ట్‌మెంటులో మ్యాపుల గది చూసుకునేవారు. చుట్టలు చుట్టిన పాత మ్యాపులు విప్పడం, చిరిగినచోట వెనక గుడ్డ అంటించడం, చేతిలో టీ గ్లాసుతో దగ్గరికొచ్చిన పరిశోధక విద్యార్థుల్ని తరిమేయడం. రిటైరయ్యాక తార్నాక వదిలి వెళ్ళలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని మేం అడగలేదు, ఆమె చెప్పలేదు. పిల్లలంతా మాత్రం ఆమెను అమ్మమ్మ అనే పిలిచేవాళ్ళు. మా అపార్ట్‌మెంటులో పిల్లల్ని తీసుకుని ఎవరు ఏ ఊరికి బయల్దేరినా ముందు ఆమె తలుపు కొట్టేవాళ్ళు.

నేను కొట్టలేదు. నాకు ఎక్సెల్ వచ్చు, ఇంకొకరి సలహా ఎందుకనుకున్నాను. మూడేళ్ళ కిందట బీదరు కోటకు రెండు రోజుల ప్రయాణం పెట్టుకుని, పదకొండు చోట్లు, ఒక్కోదానికి ముప్పావుగంట చొప్పున పట్టీ తయారు చేశాను. రంగులు కూడా వేశాను. అప్పటికి మా పాపకు ఎనిమిదేళ్ళు, బాబుకు నాలుగు. మా ఆవిడ నా మీద నమ్మకం కొద్దీ ఆ పట్టీని తీసుకెళ్ళి ఆమెకు చూపించింది.

"ఏం నాయనా, ఇది యాత్రనా, పరీక్షనా?" అన్నారు నన్ను పిలిపించి. "పదకొండంట! పిల్లోనికి ఉండేది కాళ్ళా, చక్రాలా?"

"కార్లోనే కదండీ తిరిగేది" అన్నాను.

"కోటలోపలికి కారు పోదు గదప్పా. ఆదివారం పొద్దున ఆరింటికి రాండి, క్యాంపస్‌లోకి పోదాం. ఆ పట్టీ ఇంట్లో పెట్టి రా."

అదీ ఆమె పద్ధతి. ఏ ప్రయాణానికైనా ముందు క్యాంపస్‌లో ట్రయల్ నడక ఉండాల్సిందే. పిల్లల భుజాన నీళ్ళ సీసాలు, తలకు టోపీలు, అచ్చం ఊరెళ్ళినట్టే. ఆమె చేతిలో గొడుగు, చిన్న నోటుబుక్కు. తార్నాక వైపు నుంచి లోపలికి వెళ్ళి, చెట్ల కింద పొద్దున వాకింగ్ చేసేవాళ్ళను తప్పించుకుంటూ ఆర్ట్స్ కాలేజీ మెట్ల దాకా నడక. అక్కడ పిల్లలు తలో రాయినో స్తంభాన్నో ఎంచుకుని కాసేపు చూడాలి. తర్వాత వెనక్కి. పిల్లలు అలిసి ఏడుపు మొదలుపెట్టిన నిమిషాన ఆమె ఆగి, గడియారం చూసి, పుస్తకంలో రాసుకునేవారు. అది ఏడుపు గంట. మావాడిది గంటా పది నిమిషాలు. "అంతే. బీదర్లో పూటకి గంట మించి తిప్పొద్దు. యాత్రలో అందరికన్నా చిన్నోడే పెద్ద" అన్నారు. నా పదకొండు చోట్లు మూడుకి దిగాయి. చెప్పొద్దూ, నాకు కోపం వచ్చింది. బీదరు దాకా వెళ్ళి మూడేనా అని దారంతా గొణిగాను.

పైగా ఆ మూడింటిలో ఒకటి తప్పింది. కోటలో ఒక మహలు గోడల మీద ముత్యపుచిప్ప పని ఉంటుందని, వెన్నెల పడ్డట్టు మెరుస్తుందని ఆమె పిల్లలకు వారం రోజులు ఊరించి చెప్పారు. మేం వెళ్ళేసరికి దానికి తాళం. ఎప్పుడో చిన్నతనంలో ఆమె చూసినప్పుడు తెరిచి ఉందట, ఇప్పుడూ ఉంటుందనుకున్నారు. చేసేదేం లేక ఆ గుమ్మం ముందే కూర్చుని వేయించిన వేరుశెనక్కాయలు తిన్నాం. పాప ఆ తాళం బొమ్మ గీసింది. బాబు చీమల వరస వెంట గోడ చివరిదాకా పోయి వచ్చాడు. గంటన్నర గడిచినా ఎవరూ ఏడవలేదు. నేను గడియారం చూసి ఆశ్చర్యపోయాను.

ఆమె ఇంట్లో ఇంకో చట్టం ఉంది. ఊరి నుంచి రాగానే, సంచులు విప్పకముందే, పిల్లలు ఆమె దగ్గరికి వెళ్ళి చూసినవాటిలో మూడు సంగతులు చెప్పాలి. పెద్దవాళ్ళు పక్కన నిలబడొచ్చు గానీ అందించకూడదు. "మీరు నోరు మూసుకోండప్పా, మీది ఫోన్లో ఉంటది" అనేవారు. బీదరు నుంచి వచ్చాక బాబు చీమలు చెప్పాడు, తాళం చెప్పాడు, మూడోది గుర్తు రాక ఏడుపు మొహం పెట్టాడు. "దానికేం, గుర్తొచ్చినప్పుడు రేపు వచ్చి చెప్పు. నేనేడికి పోతా" అన్నారు.

తాళం మాట విన్నప్పుడు మాత్రం ఆమె మొహం ఎర్రబడింది. "తప్పు నాదే. కనుక్కోకుండా ఆశ పెట్టినా" అని పిల్లలకు చెప్పారు. పెద్దవాళ్ళు పిల్లలకు తప్పు ఒప్పుకోవడం నేను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. పాప గీసిన తాళం బొమ్మను ఫ్రిజ్ మీద అంటించుకున్నారు. ఆ తర్వాత ఎవరికి ప్లాను రాసిచ్చినా చివర ఒక వరస ఉండేది: "మూసి ఉంటే: తిరిగి రావొద్దు. గుమ్మం ముందే కూచొని తినేది తినండి."

ఆ వరసతోనే మైసూరు చూశాం, లేపాక్షి చూశాం. ఈసారి హంపి. తన ఊరికి దగ్గర కాబట్టి ఇంకా శ్రద్ధగా రాశారు. రాతి రథం ఒక పూట, ఏనుగుల సాల ఒక పూట, మధ్యాహ్నాలు నిద్ర, ఏటిలో గుండ్రటి బుట్టపడవ, పుట్టి ఎక్కడం ఆఖరి రోజుకి. ఆదివారం ట్రయల్ నడక అనుకున్నాం. గురువారం ఆమె వెళ్ళిపోయారు. అనంతపురం నుంచి తమ్ముడి కొడుకు వచ్చి చేయాల్సినవన్నీ చేసి, తాళం వేసి వెళ్ళాడు.

ఇప్పుడు వెళ్ళడమా, మానడమా? నేను మానేద్దామన్నాను. ఆమె రాసిన ప్లానును మూలన పడేస్తే ఊరుకునేవారా అంది మా ఆవిడ. పాప కూడా సరేనంది. బాబు ఒక్కడే కదల్లేదు. ఏడేళ్ళవాడు, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"నేను రాను. వచ్చినాక ఎవరికి చెప్పాలె?"

"మాకు చెప్పు" అన్నాను.

"మీరు కూడా వస్తారు కదా! మీకు తెలుసు కదా!"

ఎక్సెల్‌లో దానికి గడి లేదు. ఆ ఆదివారం మేం నలుగురమే ఆర్ట్స్ కాలేజీ మెట్ల దాకా నడిచి వచ్చాం. గడియారం పాప చూసింది. వాడు రెండున్నర గంటలు నడిచాడు, ఏడవలేదు. ఏడిస్తే రాసుకోవడానికి ఆమె లేరని పట్టుదల కాబోలు. ఇంటికొచ్చాక "చూస్తా" అని మాత్రం అన్నాడు.

హంపిలో వాడు పెద్దగా మాట్లాడలేదు గానీ అన్నీ చూశాడు. పుట్టి గిరగిరా తిరిగినప్పుడు పకపకా నవ్వి, వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు. రెండు మూడుసార్లు వేళ్ళు మడిచి లోపల్లోపల ఏదో లెక్కపెట్టుకోవడం చూశాను. అడగలేదు. ఆమె చట్టం ప్రకారం నేను నోరు మూసుకోవాలి కదా.

మొన్న పొద్దున తిరిగి వచ్చాం. ఆటోలోంచి సంచులు దింపి నేను లిఫ్టు వైపు నడుస్తున్నాను. వెనక ఎవరూ రావడం లేదు. తిరిగి చూస్తే బాబు ఆమె గుమ్మం ముందు నిలబడి తాళం వైపు చూస్తున్నాడు. పైకి పోదాం రారా అనబోయాను. పాప నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మూసి ఉంటే ఏం చేయాలి నాన్నా?" అంది మెల్లగా.

ఇద్దరూ మెట్టు మీద కూర్చున్నారు. పాప సంచిలోంచి మిగిలిన వేరుశెనక్కాయల పొట్లం తీసింది. నేనూ మా ఆవిడా గోడకి ఆనుకుని నిలబడ్డాం. వాడు రెండు గింజలు నమిలి, తలుపు వైపు తిరిగి మొదలుపెట్టాడు. రాతి రథం చక్రానికి బురద అంటలేదని ఒకటి. ఏనుగుల సాలలో ఇప్పుడు ఏనుగులు లేవు, పావురాలున్నాయని రెండు. తర్వాత చాలాసేపు వేళ్ళు చూసుకున్నాడు. పుట్టి అని నాకు నోటిదాకా వచ్చింది. అందించలేదు.

పొట్టు దులుపుకుని లేచాడు.

"అమ్మమ్మా, మూడోది గుర్తొస్తలేదు. రేపొచ్చి చెప్తా" అన్నాడు.