ఎనిమిది పాళ్లయిన మాత్ర

2020లో లాక్‌డౌన్ పెట్టి సాంచాలు, అంటే పవర్‌లూమ్‌లు, ఆపేసినప్పుడు ముంబై దగ్గర భివండిలోని కామత్‌ఘర్‌లో తెరిచి ఉన్న కొద్ది దుకాణాల్లో నా మెడికల్ షాపు ఒకటి. సాంచాల చప్పుడు ఆగాక మా గల్లీలో చాలామందికి నిద్ర కరువైంది.

మల్లేశం నా పాత గిరాకీ. సాంచా నడుపుతాడు. డాక్టరు రాసిన యాంటీ డిప్రెసెంట్ నెలకోసారి తీసుకెళ్లేవాడు. కుంగిన మనసును నిలబెట్టే మందు అది. తలనొప్పి మాత్రలా అప్పటికప్పుడు పనిచేయదు, రోజూ వేసుకుంటే వారాల మీద గుణం కనిపిస్తుంది. మల్లేశం అప్పుడప్పుడే తేరుకుని నాతో పరాచికాలాడుతున్నాడు.

అలాంటివాడు ముప్పై మాత్రలు తీసుకెళ్లి ఎనిమిదో రోజే మళ్లీ వచ్చాడు. మొహం పీక్కుపోయింది. ఉన్నవన్నీ అయిపోయినయన్నాడు, తల ఎత్తకుండా. ఒక్కసారే మింగడానికి దాస్తున్నాడేమో! మందు ఇవ్వనన్నాను. షట్టర్ దించి, వాడి వెంటే ఖోలీకి నడిచాను.

ఖోలీ అంటే అద్దె గది. పగటి షిఫ్టువాళ్లు లేచిన చోట రాత్రి షిఫ్టువాళ్లు పడుకునే గది. ఇప్పుడు ఎనిమిదిమందీ ఒకేసారి అందులో ఉన్నారు. మాత్రలేవని గద్దించాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అందరిలో పెద్దవాడు రాజయ్య పప్పు కలుపుతూ నిమ్మళంగా చెప్పాడు.

"అందరం రోజూ తలా సగం ఏసుకున్నం బిడ్డా. ఎవ్వరికీ నిద్ర వడ్తలేదాయె. మా ఖోలీల ఏదచ్చినా ఎనిమిది పాళ్లే."

అంటే మల్లేశానికి దక్కిందీ సగమే! నీ మందు నువ్వెందుకు పంచావురా అని వాణ్ణి అడిగాను.

"గిందరు మేల్కొని ఉంటే నేనొక్కణ్ణే ఎట్ల ఏసుకుంటనక్కా?"

నా కోపం దిగిపోయింది. వాళ్ల మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది. అక్కడి నుంచే డాక్టరుకు ఫోన్ కలిపాను. ఆయన ఒక్కొక్కరితో మాట్లాడి, మిగతావాళ్లకు ఆ మందు అక్కర్లేదని, మల్లేశానికి మాత్రం పూర్తి మాత్ర రోజూ పడాలని చెప్పి చీటీ పంపారు. ఈ ఒక్కటి పాళ్లు వేయొద్దని చెప్పాను. రాజయ్య మొహం చిన్నబోయింది. పంచుకోవడానికేదీ లేకపోతే ఎట్లా అన్నట్టు చూశాడు. సరే, మల్లేశానికి గుర్తుచేసి వేయించే పని పంచుకోండి అన్నాను. ఏడుగురు, వారానికి ఏడు రోజులు. బుధవారం రాజయ్య తీసుకున్నాడు.

అప్పటి నుంచి ఈ మందు ఇచ్చేటప్పుడు ఖోలీలో ఎంతమంది ఉంటారని ముందు అడుగుతాను. అంతకుముందు తిన్నాక వేసుకోమని మాత్రమే చెప్పేదాన్ని.

సాంచాలు మళ్లీ మొదలైన చాలా నెలలకు డాక్టరు మల్లేశానికి మందు మెల్లగా తగ్గించి ఆపేశారు. ఆ వారమే రాజయ్య దిగులుగా షాపుకొచ్చాడు.

"రేపు బుధవారం. నా వంతు. మరిగ నేనేం ఇయ్యాలె బిడ్డా?"

మల్లేశానికి చాయ్ ఇయ్యమన్నాను. ఇప్పటికీ ఇస్తున్నాడు.