టుకినా అవ్వ మోసిన దురద

టుకినా అవ్వ కషాయాల సీసాల బుట్టను వీపున కట్టుకుని జావా దీవిలో క్లాటెన్ ఊరి పక్కనున్న తన వాడలోకి వస్తోందంటే, సగం వాడ పనులు ఆమె వెంట నడుస్తున్నట్టే. ఎవరు బయటికి వెళ్తున్నా తమ పనీ ఒకటి అప్పగించడం అక్కడివాళ్లకి పుట్టుకతో వచ్చిన అలవాటు. దారపుండ, ఎండుచేపలు, పెళ్లి కబురు, ఏదైనా అవ్వ నెత్తినే. కాదనడం ఆ మహాతల్లికి చేతకాదు.

మైనపు అద్దకం పనిచేసే కొత్త కోడలు రెత్నో మాత్రం ఎవరూ అప్పగించనిది అప్పగించింది.

"అవ్వా, నర్సమ్మ దగ్గర నా దురద నీదని చెప్పి మందు తెచ్చిపెట్టవూ?"

"అందరూ ఉప్పు తెమ్మంటారు. నువ్వు రోగాన్నే మొయ్యమంటున్నావా? తమలపాకు నీళ్లతో కడుగుతున్నావా?"

"పొద్దస్తమానం. ఇంకా మండుతోంది."

"అయితే మానెయ్. నా దగ్గర ఆకు కొనకపోతే నేనేం చచ్చిపోను."

రెత్నో భయం ఉత్తది కాదు. నర్సమ్మ హర్తాతి వరండా బెంచీ నిండా రెత్నో అత్తగారి నేస్తాలే. ఆడవాళ్లకి ఆ చోట వచ్చే జబ్బు తిరుగుబోతులకే వస్తుందని ఆ అత్తగారి నమ్మకం.

అవ్వ వెళ్లింది. వీధి వీధీ అరిచి అమ్మే గొంతాయె, బెంచీకీ నర్సమ్మ గదికీ మధ్యలో ఉన్న గుడ్డ తెర ఏపాటి అడ్డు?

"తెల్లబట్టమ్మా, విరిగిన పాలలా అవుతోంది. దురద ప్రాణాలు తోడేస్తోంది."

నర్సమ్మ చూస్తానంటే అవ్వ ససేమిరా అంది. ఎన్నాళ్లుగానో ఎరిగిన మనిషి కదాని హర్తాతి నమ్మింది.

"ఈస్ట్ ఇన్‌ఫెక్షన్‌లా ఉంది. ఈ క్యాప్సూల్ ఒక్కటి మింగు. కడుపుతో ఉన్నవాళ్లకైతే దీన్ని ఇవ్వను. నిన్ను అది అడిగితే బయటివాళ్లు నవ్వుతారు."

అడక్కపోయినా నవ్వారు.

తోవంతా ఆ నవ్వు కాదు, నర్సమ్మ అన్న కడుపు మాట అవ్వను పీకింది. అద్దకం పాక వెనక రెత్నో ఆత్రంగా రేకులోంచి క్యాప్సూల్ ఒలిచి నోటి దాకా తీసుకెళ్లింది. అవ్వ చెయ్యి పట్టుకుంది.

"ఆగు. ఈ నెల బయట చేరావా?"

"ఆలస్యమైంది. అంతే."

"ఇటియ్యి. నర్సమ్మకి చూపిద్దాం."

"అక్కడికి నేను రానవ్వా. అత్తయ్య నన్ను బతకనివ్వదు."

"దురదంటే నేను మోశాను. కడుపు కూడా నన్నే మొయ్యమంటావుటే? పద."

అవ్వకి కళ్లు తిరుగుతున్నాయని బెంచీ మీదవాళ్లకి చెప్పి, రెత్నో ఆమెను పట్టుకుని లోపలికి నడిపించింది. తెర వెనక ఈసారి గుసగుసగా నిజం బయటికొచ్చింది. ఒకరి రోగం ఇంకొకరి పేరున చెబుతారా అని హర్తాతి ఇద్దర్నీ దులిపేసింది. పరీక్ష చేస్తే రెత్నో నెల తప్పిందని తేలింది. నర్సమ్మ క్యాప్సూల్ లాక్కుని, లోపల పెట్టుకునే మాత్రలు ఇచ్చి, వాడే తీరు చెప్పింది.

రెత్నోకి దురద తగ్గింది. వాడకి మాత్రం అవ్వే దురద ముసలిది. ఆమె చేతి కషాయం గ్లాసు ముట్టుకోవడానికి జనం జంకారు. సాయంత్రానికి సీసాలు నిండుగానే ఇంటికి తిరిగొచ్చేవి. ఒక్క మాట చాలు, ఆ మచ్చ పోయేది. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. ఎంత గట్టి మనిషో చూడండి.

ఒక పొద్దున రెత్నో అత్తగారు అవ్వను గుమ్మంలోనే ఆపేసింది.

"మా కోడలు నీళ్లోసుకుంది. నీ గ్లాసులు మా ఇంటికొద్దు, పో."

వీధిలో నలుగురూ చూస్తున్నారు. రెత్నో లోపల్నించి వచ్చి, అవ్వ బుట్టలోంచి తనే గ్లాసు తీసుకుంది.

"అత్తయ్యా, ఆ దురద నాది. అవ్వకి అప్పగించింది నేను. కడుపుతో ఉన్నానని తెలియక పడని మందు మింగబోతే చెయ్యి పట్టుకుని ఆపింది ఈవిడే."

"నోర్ముయ్యవే పిచ్చిదానా," అంది అవ్వ. సీసా మూత తీసి రెత్నో పట్టుకున్న గ్లాసు నింపింది.

 అత్తగారు లోపలికి వెళ్లి పీట తెచ్చి వేసి, బుట్ట దించి కూర్చోమంది అవ్వని.