కోడి వద్దన్న మెతుకు

వాదనలో రుజువు చూపించడానికి నేను నమిలిన వస్తువు ఒకటుంది. అదేమిటో తెలిశాక మీరు ఈ పూట అన్నం మానేస్తే పూచీ నాది కాదు. తినేసి వచ్చి చదవండి.

రెండేళ్ల కిందటి మాట. మా మావ పలాసలో రైలెక్కి పూరీ రథయాత్రకు వెళ్తూ, కొబ్బరితోటలోని తన తేనెటీగల పెట్టెను నాకు అప్పగించాడు.

"వానలు పడతన్నాయి, జాగర్తగా సూడు. ఈగల్ని కాయనేనోడు నా పిల్లనేటి కాత్తాడు?" అన్నాడు.

ఆ పిల్ల పైడమ్మ. అంటే నా పెళ్లి ఆ పెట్టెలో ఉందన్నమాట. ఇక ఊరుకుంటానా? గోనెపట్టాలు చుట్టాను. పైన కొబ్బరాకు తడకలు కప్పాను. గాలి దూరే సందుల్లో పీచు కూరాను. ఈగలు తిరగడానికి చిన్న వాకిలి మాత్రం దయతలచి వదిలాను. బాలింతకు కూడా అంత కాపుదల ఉండదు.

వారం తిరక్కుండా పెట్టె వాకిట్లో తెల్లటివేవో కనిపించాయి. గట్టిగా, అచ్చం ఎండిన అన్నం మెతుకుల్లా ఉన్నాయి. ఈగలు వాటిని లోపలి నుంచి ఈడ్చుకొచ్చి బయట పడేస్తున్నాయి. నాకు వెంటనే అర్థమైపోయింది. నాకు వెంటనే అర్థమైనదేదీ ఇంతవరకూ నిజం కాలేదు, అది వేరే సంగతి. పైడమ్మ ఆ పక్కనే కోళ్లకు చద్దన్నం వేస్తుంది కదా!

"పైడీ! పెట్టెలో సద్దెందుకేత్తన్నావు?"

"నీకే ఎట్టనేదు, ఈగలకెడతానేటి?"

"మరీ మెతుకులేటి?"

"మెతుకులైతే మా కోడి ఒగ్గెత్తాదేటి?" అంటూ ఒకటి తీసి కోడి ముందు పడేసింది.

కోడి ఒక్క పోటు పొడిచింది, ముక్కు విదిలించింది, మా ఇద్దరినీ జాలిగా చూసి వెళ్లిపోయింది.

"సూసేవా బావా?"

"కోడికేటి తెలుసు! సద్దన్నం తిని పెరిగినోడ్ని, నాకు తెలీదేటి?" అని రెండు తీసి నోట్లో వేసుకున్నాను. సుద్దముక్కల్లా పిండైపోయాయి.

"ఏటి, మెతుకేనా?"

"మెతుకే. కాత్త మగ్గినాది," అన్నాను, తగువు తీర్చే పెద్దమనిషిలా, గుటక వేసి.

సరిగ్గా అప్పుడే మావ భుజాన మూటతో తోటలోకి వచ్చాడు.

"ఇదేట్రా, పెట్టెకి పాడె కట్టేసినావు!" అంటూ వాకిట్లోంచి ఒకటి తీసి గోటితో విరిచాడు. "గాలాడకండా సేసేవు. లోపల సెమ్మెక్కి ఈగ పిల్లలకి బూజు తగిలినాది. సచ్చి ఇలాగ సుద్దయిపోనాయి. పెద్దీగలు పీనుగులు మోత్తన్నాయిరా!"

పైడమ్మ కొబ్బరిచెట్టు పట్టుకుని, నవ్వలేక కూలబడింది.

"అయ్యా, రెండు పీనుగుల్ని బావ కడుపులో దాసేడు!"

మావ గోనెలు విప్పాడు, పీచు లాగేశాడు, బూజెక్కిన తేనెపట్టు కోసి దూరంగా పాతేశాడు. నేను పెళ్లి మాట ఎత్తలేదు. నోరు పుక్కిలించే పనిలో ఉన్నాను మరి. కొన్నాళ్లు ఎండ కాశాక వాకిలి శుభ్రపడింది. ఈగలు మళ్లీ పాటందుకున్నాయి.

"ఈగలు నిన్ను ఓర్సినాయి. నా పిల్ల ఓరుత్తాదేమో అడుగు," అన్నాడు మావ.

అడిగాను.

"కోడినడిగి సెప్తాను," అంది పైడమ్మ.

కోడి ఏమందో తెలియదు గానీ, పెళ్లయింది. ఇప్పుడు రోజూ వంటింట్లోంచి ఒకటే పిలుపు: "బావా, మెతుకుడికినాదేమో కొరికి సెప్పు!"

అందుకే మీ అందరి ఎదుటా, తేనెటీగల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: కోడి వద్దన్నదాన్ని ఈ జన్మలో నోట పెట్టను.