మేనత్త తొడిగిన గాజులు

నా చిన్నప్పుడు బళేపేటలో సైకిల్ పందెం అంటే అందరూ ఒక్కసారిగా దూసుకుపోవడం కాదు. మా సందులోకి ఎద్దుబండి వస్తేనే మనుషులు అంగడి మెట్లెక్కి నిలబడాలి, ఇక అన్ని సైకిళ్లకు చోటెక్కడిది? అందుకని గణేశుడి పండగ రోజుల్లో, పొద్దున్నే అంగళ్లు తెరవకముందే, పిల్లల్ని ఒకరి తర్వాత ఒకరిని వదిలేవారు. ఒక పెద్దాయన చేతి గడియారం చూస్తూ "పో" అనేవాడు. మార్కెట్ చుట్టూ తిరిగొచ్చాక ఎవరి టైము ఎంతో అంగడి తలుపు మీద సుద్దముక్కతో రాసేవారు. ఇప్పుడు ఈ వయసులో యలహంక అవతలి రోడ్డు మీద నేను చేస్తున్నదీ అదే. కాకపోతే దీన్ని టైమ్ ట్రయల్ అంటున్నారు, తలకు హెల్మెట్ పెట్టమంటున్నారు.

హైస్కూల్లో చేరాల్సిన ఏడు పందేనికి నేనూ పేరిచ్చాను. మా సందులో ఆడపిల్ల పేరివ్వడం అదే మొదలు. మా నాయన వద్దనలేదు గానీ ఒక మెలిక పెట్టాడు. చివర్లో ఉన్న మిట్ట మీద సైకిల్ దిగకుండా వస్తే హైస్కూలుకు సైకిల్ మీద పోవచ్చు, దిగితే ఆ ముచ్చట అంతటితో సరి. హైస్కూలు చాలా దూరం. సైకిల్ లేకపోతే చదువు మానిపించి ఇంట్లో కూర్చోబెడతారని నాకు తెలుసు. అద్దె సైకిల్ తెచ్చి వారమంతా తిరిగాను. తిరిగిన ప్రతిసారీ మిట్ట సగంలో ఊపిరందక దిగిపోయాను. ముందర ఎవడైనా కనిపిస్తే చాలు, వాణ్ణి దాటేదాకా నా ప్రాణం ఊరుకోదు. మిట్ట మొదలయ్యేసరికి ఒంట్లో సత్తువంతా అక్కడే అయిపోయేది.

ఇదంతా మా అంగడి లోపలి నుంచి మా మేనత్త చూస్తుండేది. మాది గాజుల అంగడి. మేనత్త మా నాయనకు అక్క, చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. అంతకుముందు ఆవిడంత హాయిగా గాజులు తొడిగేవాళ్లు బళేపేటలోనే లేరని మా అవ్వ చెప్పేది. ఆ తర్వాత చేతి గాజులతో పాటు ఆ పనీ పోయింది. ముత్తైదువలు ఆవిడ చేత తొడిగించుకోరు. వెనక గదిలో కూర్చుని గాజుల్ని డజన్లుగా దారం కట్టడం, గడ్డి పరిచి పెట్టెల్లో సర్దడం, అంతే ఆవిడ వంతు. రోజంతా గాజుల మధ్య ఉండే మనిషికి బోసి చేతులు. అది ఎంత అన్యాయమో నాకప్పుడు తోచలేదు. అత్త చేతులు అలాగే ఉంటాయనుకునేదాన్ని.

పందెం పొద్దున నేను పరికిణీ పైకి దోపి బయల్దేరుతుంటే ఆవిడ నన్ను వెనక గదిలోకి పిలిచింది. నా చేతికి సబ్బు నురగ రాసి, బొటనవేలు లోపలికి మడిచి, ఆ కబురూ ఈ కబురూ చెబుతూనే రెండు చేతులకూ ఎర్రటి మట్టిగాజులు ఎక్కించింది. కాస్త కూడా నొప్పి తెలియలేదు. నాకు మాత్రం గుండె జారింది. అవి పగిలితే ఆవిడ చెయ్యి మంచిది కాదంటారని పిల్లనైనా నాకు తెలుసు.

"పగిలితే నా మీదికే వస్తాది మాట," అని తనే నవ్వింది. "పగలకుండా తీసకరా అమ్మణ్ణీ. ముందర పోయేటోణ్ణి చూడొద్దు, గాజుల్ని విను. గలగలమంటే నువ్వు తొందరపడతా ఉండావని లెక్క. మిట్ట కూడా గాజుకు అడ్డమొచ్చే ఈ ఎముక మాదిరే ఉండాది. బలవంతంగా తోస్తే పగులుతాది. నిదానంగా పోతే అదే దాటుతాది."

పెద్దాయన "పో" అన్నాడు. మొదటి మలుపు దాటానో లేదో, నా తర్వాత వదిలిన పక్కింటి పెద్దబ్బాయి నన్ను దాటిపోతూ "గాజులేసుకున్నావు గదా, ఇంట్లో కూర్చోరాదా!" అని కేకేశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సీటు మీంచి లేచి తొక్కాను. గాజులన్నీ గొల్లుమన్నాయి. ఆ చప్పుడుకు అత్త బోసి చేతులు కళ్ల ముందు కదిలాయి. మళ్లీ కూర్చున్నాను. వాడు కనుమరుగవుతుంటే ఏడుపు మింగుకుని, గాజులు మోగకుండా ఎంత వేగం పోవచ్చో అంతే పోయాను.

మార్కెట్ చుట్టి మిట్ట దగ్గరికొచ్చి చూద్దును కదా, వాడు సైకిల్ తోసుకుంటూ నడుస్తున్నాడు. వాడి మొహం చూడలేదని చెప్పను, తృప్తిగా చూశాను. అయినా వేగం పెంచలేదు. సగం మిట్టలో తొడలు మండిపోయాయి, ఇక పెడల్ కదలదేమో అనిపించింది. ఎముక దగ్గర అత్త చెయ్యి ఎలా మెల్లగా కదిలిందో అలాగే కదిలాను. దిగలేదు.

తలుపు మీద నా టైము పై వరసలో లేదు, గెలిచింది వేరే ఎవరో. అందరూ నా చేతులకేసి చూస్తున్నారు. "ఎవరు తొడిగినారే?" అని అవ్వ అడిగింది. "అత్త" అన్నాను. ఒక్క గాజూ చిట్లలేదు. అప్పుడు మా అమ్మ, ఇంట్లో గొంతెత్తి ఎరగని మా అమ్మ, అందరి ముందరా పోయి అంగట్లో చాప మీద కూర్చుని చెయ్యి చాచింది. "నాకూ తొడుగు వదినా" అంది. అత్త వెంటనే తొడగలేకపోయింది, అమ్మ చేతికి సబ్బు నురగ రాసిందే రాసింది. మా నాయన అడ్డు చెప్పలేదు. నేను సైకిల్ మీద హైస్కూలుకు పోయాను, అత్త వెనక గదిలోంచి ముందుకొచ్చి కూర్చుంది. అందరూ వచ్చి తొడిగించుకున్నారని అబద్ధం చెప్పను. వచ్చినవాళ్లు మాత్రం మళ్లీ మళ్లీ వచ్చారు.

ఇప్పుడు నాతో పందేలకు వచ్చేవాళ్లలో ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుల్లో పనిచేసే పిల్లలే ఎక్కువ. వాళ్ల హ్యాండిల్ మీద బుల్లి తెర ఒకటుంటుంది. గుండె ఎంత కొట్టుకుంటోందో, కాలు ఎంత బలం పెడుతోందో అది చెబుతుందట. "మీకు మీటర్ వద్దా ఆంటీ?" అని ప్రేమగా అడుగుతారు. నా వయసువాళ్లలో నేనొక్కదాన్నే కాబట్టి ఎప్పుడూ నాదే మొదటి స్థానం, మీటరెందుకని నవ్వేస్తాను.

మా ఆయన పోయినప్పుడు పెద్దవాళ్లు నా గాజుల కోసం వచ్చారు. చేతులు కొంగు కింద దాచుకున్నాను, ఇవ్వలేదు. అప్పటికి అత్త లేదు, ఉంటే నా పక్కనే కూర్చునేది. పందెం రోజు తెల్లవారగానే సబ్బు నురగ రాసుకుని ఎర్ర మట్టిగాజులు నేనే తొడుక్కుంటాను. గీత దగ్గర నిలబడి హ్యాండిల్ పట్టుకోగానే అవి ఒక్కసారి గల్లుమంటాయి. ఆ తర్వాత మిట్ట దాటేదాకా వాటిని మోగనివ్వను.