అమ్మను పిలుచుకొని రమ్మనే డాక్టరు

పెద్దవాడికి వచ్చిన రోగానికి అతని బాల్యంతో పని లేదని లోకాభిప్రాయం. ఆదోనిలో డాక్టర్ శ్రీపాదరావు గారు ఒక్కరే దానితో ఏకీభవించలేదు. ఎవరు ఏ బాధతో వచ్చినా, నాడి చూడకముందే అడిగేవారు: "మీ అమ్మను పిల్చుకొని వచ్చినావా?"

డెబ్బయ్యో దశకం చివర ఆయన దగ్గర పని నేర్చుకున్న జూనియర్లలో నేనొకణ్ణి. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన చేతులు జోడించడం నాకు గుర్తు.

"స్వామీ, మాయమ్మ పోయి శానా ఏండ్లాయ."

"అయితే మీ అక్కను తెండి. మీరు బడిలో కుదురుగా కూర్చుంటిరో లేదో ఎవరో ఒకరు చెప్పాల గదా?"

"నాకు దగ్గు స్వామీ!"

పిల్లల నిలకడలేమి పెద్దయ్యాక దానంతటదే పోతుందని అప్పటి మా పుస్తకాలు చెప్పేవి. కొందరిలో అది మీసాలొచ్చాకా పోదని ఆయన నమ్మకం. దాన్ని మాచేత గుర్తుపట్టించాలని పట్టుదల. పట్టుదలను నేను తొందరపడి సద్గుణాల్లో చేర్చను. అది ఈగకూ ఉంటుంది.

ఒకనాడు ఎమ్మిగనూరు నుంచి దేవక్క అనే ఆమె, నేతగాడైన భర్త సుంకప్పను వెంటబెట్టుకొచ్చింది. చేతిలో బట్టల మూట.

"సీర సగంలో ఇడిసిపెట్టి పక్కింటోళ్ళ మగ్గం బాగుసేయను పోతాడు సార్. ఆడా సగంలో ఇడిసి టీ తాగను పోతాడు. ఒట్టి సోమరి. మందుంటే ఇయ్యండి, ల్యాకుంటే నేనిట్లే బస్సెక్కి కౌతాళంలో మాయమ్మోళ్ళింటికి పోతా."

సుంకప్ప ఇదేదీ వినడం లేదు. మా బల్ల కాలు ఊగుతోందని కింద దూరి బిగిస్తున్నాడు.

నేను నరాల బలహీనత అన్నాను. డాక్టరుగారు నా వైపు చూడలేదు. "ఒక్కరోజు ఆగమ్మా. వీళ్ళమ్మను పిల్చుకొని రా."

మర్నాడు దేవక్క మూటతోపాటు అత్త హులిగమ్మనూ తెచ్చింది. కొడుకు చిన్నప్పుడెట్లుండె అని అడగగానే ఆ ముసలమ్మ నవ్వింది.

"యాడుండె సార్? నోట్లో ముద్ద పెడితే నమిలేలోగా ఈది దాటుతాండె. బళ్ళో అయ్యవారు కంబానికి కట్టేస్తే, ముడి వదులుగా ఏసినారని ఆయనకే నేర్పిచ్చినాడు. పుట్టినప్పట్నుంచి అంతే సార్. సోమరి మాత్రం గాదు."

"ఈ మాట పెండ్లికి ముందు సెప్పింటే ఏంబోయె?" అంది దేవక్క.

"సెప్పింటే సేసుకుంటాంటివా?"

దేవక్కకు నవ్వాగలేదు. మూట కింద పెట్టింది.

తర్వాత అడిగాను: "ఆ ముసలమ్మ చెప్పాకే మీకు తెలిసిందా సార్?"

"బల్ల కింద దూరినప్పుడే అనుమానమొచ్చె. ఆమె మాటతో ఖాయమాయ. అయినా తెలియాల్సింది దేవక్కకప్పా. డాక్టరు చెప్తే పిచ్చి అనుకొంటాది. అత్త చెప్తే పుట్టుగుణమని ఓర్చుకొంటాది."

శ్రీపాదరావు గారు బిళ్ళలు రాయలేదు. వీధిలో మగ్గాల మరమ్మతుకు సుంకప్పను పంపమనీ, ఒకటి పూర్తయ్యేదాకా రెండోదాని దగ్గరికి పోనివ్వద్దనీ దేవక్కకు చెప్పారు. మా బల్ల కాలు సగం బిగింపుతోనే ఉండిపోయింది. వడ్రంగిని పిలుస్తానంటే ఆయన వద్దన్నారు. సుంకప్ప మళ్ళీ వచ్చి ముగించేదాకా, ఊగే బల్ల మీదే చీటీలు రాశారు.